రేడియోలో పేరు

“దిగవే ముందు. ఆడదానివి నిచ్చెనెక్కి తీగలు కట్టడమేంటి? చూసినోళ్ళు ఏమనుకుంటారు?” వాకిట్లోంచి కోడలిని కేకలేసింది చిట్టెమ్మ.

“ఈ కొస ఒక్కటీ కట్టేసి దిగుతాను అత్తా,” అంది వీరదుర్గ.

రొయ్యల చెరువు దగ్గర కాలిపోయిన మోటారులోంచి ఊడదీసిన రాగితీగ అది. రెండు వెదురు గడల మధ్య బిగలాగి కట్టింది. గడలకు తగలకుండా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టింది. కిందికి దిగి, వేలాడుతున్న కొసను చాకుతో తళతళలాడేదాకా గీకి, రేడియోకి విరిగిపోగా మిగిలిన ఏరియల్ మొదలుకు మెలిపెట్టింది.

“మన రేడియోకి విజయవాడ స్టేషను పలకదని మా అబ్బాయి చెప్పనే చెప్పాడు కదే.”

“పలికిస్తే పలుకుతుంది. ఆయన గుడివాడ నుంచి వచ్చాక నేనే చెప్తాను, నా పేరు విన్నానని.”

ఎండుచేపల బేరం మీద ఆమె మొగుడు రత్నరాజు వారానికి నాలుగు రోజులు గుడివాడలోనే ఉంటాడు. వీరదుర్గ రాసిచ్చిన చాక్లెట్ పండు వంట కాగితాన్ని రేడియోవాళ్ళకు అక్కణ్ణుంచి పోస్టు చేస్తానని పట్టుకెళ్ళిందీ అతనే. ఈ బుధవారం చాక్లెట్ పండు గురించి చెప్తారని పక్కింటి మాణిక్యమ్మ బందరులో టీకొట్టు దగ్గర విని వచ్చింది. ఇన్నేళ్ళలో రేషన్ షాపతను తప్ప వీరదుర్గ పేరు పైకి చదివినవాళ్ళు లేరు.

బుధవారం పొద్దున్నే చాక్లెట్ దిమ్మను వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి, చెంచాడు కొబ్బరినూనె కలిపింది. చక్కెరకేళి అరటిపండు ముక్కలకు ఈనెలు గుచ్చి అందులో ముంచింది. స్టీలు డబ్బాలో పేర్చి, మూత బిగించి, చేపల ఐసులో పూడ్చిపెట్టింది. పేరు వినగానే వీధంతా పంచాలని ఆమె ఆశ.

మధ్యాహ్నానికి నలుగురూ చేరారు. రేడియో కాసేపు గరగరలాడింది. వీరదుర్గ మర వెంట్రుకవాసి తిప్పింది. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు పక్కింట్లోంచి పలికినంత స్పష్టంగా వినిపించింది.

“చక్కెరకేళి ముక్కలకు కొబ్బరి ఈనెలు గుచ్చి...”

“నాదే,” అంది వీరదుర్గ.

“చేపల ఐసులో పెట్టేవారు డబ్బా మూత గట్టిగా బిగించాలి. లేకపోతే నీచువాసన పడుతుంది.”

“అచ్చం నువ్వు చెప్పినట్టే చదువుతోందే పిల్లా,” అంది మాణిక్యమ్మ.

చిట్టెమ్మ కూడా పీట రేడియో దగ్గరికి జరుపుకుంది. వీరదుర్గ డబ్బా మూత తీసి, మొదటి పండు అత్త చేతిలో పెట్టింది.

“ఈ వంటకం పంపినవారు గుడివాడ నుంచి శ్రీమతి విజయలక్ష్మి. ‘ఎండుచేపల బేరం మీద ఊళ్ళు తిరిగి అలిసిపోయి ఇంటికొచ్చే మా వారు రత్నరాజు గారికి ఇదంటే ప్రాణం’ అని రాశారు.”