మాటలకూ కోటా

"ఇదిగో తల్లీ, మీ ఆయన కంప్యూటరు మళ్లీ మొరాయించింది. చోటు లేదట, ప్లాను సేవ్ అవ్వనంటోందట. కాస్త దయ చూపించమ్మా," అన్నాడు మేనేజరు, మెట్లు దిగివచ్చిన ఆయాసం తీరకుండానే.

కంప్యూటర్ల ఇన్‌చార్జి తల కూడా ఎత్తలేదు. "ఆయనకి నోరు లేదా సార్? వచ్చి అడగమనండి. అడిగిన నిమిషంలో ఇస్తాను."

"అడగడు కదమ్మా!"

అడగడు మరి. మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే ఆఫీసు. ఆయన పైఅంతస్తులో భవనాల ప్లాన్లు గీస్తాడు. ఆవిడ కింది గదిలో కూర్చుని, ఆఫీసు ఫైళ్లన్నీ దాచే పెద్ద కంప్యూటరుని కనిపెట్టుకుని ఉంటుంది. ఆదివారం అంట్ల దగ్గర మాటామాటా పెరిగింది. ముందు ఎవరు పలకరిస్తే వాళ్లే నెలంతా అంట్లు తోమాలని పందెం పడింది. అప్పట్నుంచి ఇద్దరి నోళ్లకీ తాళాలే. కానీ ఆవిడ చేతులు ఊరుకుంటాయా? ఎవరి ఫైళ్లకి ఎంత చోటివ్వాలో తేల్చేది ఆవిడే. సోమవారం రాగానే మొగుడి కోటాని సగానికి కోసి పారేసింది. చచ్చినట్టు వచ్చి నోరు విప్పుతాడని ధీమా.

"పోనీ, పక్క సీటువాళ్ల కోటాలో దాచుకోమంటాను," అన్నాడు మేనేజరు.

"దాచుకోమనండి సార్. సెక్షన్ మొత్తానికీ కలిపి ఒక హద్దు పెట్టాను. అదీ నిండిపోయింది. ఇప్పుడు అందరూ కలిసి ఆయన్నే తిట్టుకుంటారు."

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "మీ కాపురం గొడవలో నా ఆఫీసు మునిగేలా ఉంది! మధ్యాహ్నానికి ఆసుపత్రివాళ్లు ప్లాను కోసం వచ్చి కూర్చుంటారు. ఇదిగో, నేను ఆర్డరు వేస్తున్నాను..."

"వెయ్యండి సార్. అన్నట్టు మీ కోటా కూడా అంచుదాకా వచ్చింది, చూసుకున్నారా?"

మేనేజరు వచ్చిన దారినే గబగబా మెట్లెక్కేశాడు.

ఆవిడ తెర ముందు కుదురుగా కూర్చుంది. మొగుడి పేరు పక్కన ఎర్రపట్టీ చివరిదాకా నిండి ఉంది. చూస్తుండగానే అది కొంచెం తగ్గింది. ఏం తీసేశాడా అని ఆయన ఫోల్డరు తెరిచింది. క్రికెట్ వీడియోలు లేవు. పీడా విరగడైంది అనుకుంది. ఇంకాసేపటికి పాత పాటలు పోయాయి. పోతే పోనీ, ఎలాగూ వాటితో గొంతు కలిపి చంపుతాడు. ఆ తర్వాత తమ్ముడి పెళ్లిలో ఆయన వేసిన డాన్సు వీడియో పోయింది. దానికైతే ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది.

ఆఫీసు ప్లాన్లు కాక ఇక మిగిలింది వాళ్ల పెళ్లి ఫొటోలే. ఇంట్లో కంప్యూటరు పాడైనప్పుడు తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. ఇంకెక్కడా లేవు. ఎవరి సొంత ఫైళ్లకీ రెండో కాపీ తీసి దాచేది లేదని ఆఫీసంతటికీ రూలు పెట్టింది కూడా ఈ మహాతల్లే.

"వాటి జోలికి పోడు. ఇక గతిలేక వస్తాడు చూడు," అని తనలో తనే అనుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆవిడ జుట్టు సర్దుకుని, వస్తున్న నవ్వుని పళ్ల మధ్య నొక్కిపెట్టి, మహా పనిలో ఉన్నట్టు కీబోర్డు మీద వంగింది. తీరా చూస్తే టీ ఇచ్చే ఆమె. ఉసూరుమంటూ కప్పు అందుకుని మళ్లీ తెర వైపు తిరిగింది.

ఎర్రపట్టీ సగానికి పడిపోయింది. ఫోల్డర్లో పెళ్లి ఫొటోలు లేవు.

ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉండే ఆవిడ నాన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్విన ఒకే ఒక్క ఫొటో అందులోనే ఉంది. టీ ఒలికిందో లేదో కూడా చూసుకోకుండా రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది.

"ఏమండీ! మీకసలు బుద్ధుందా? పెళ్లి ఫొటోలు తీసి పారేస్తారా? అంత పగా నా మీద?" అరుస్తుంటే ఏడుపు కూడా తన్నుకొచ్చింది.

సెక్షనంతా పనులాపి గుడ్లప్పగించి చూసింది. ఆయన మాత్రం నింపాదిగా కుర్చీ ఇటు తిప్పాడు.

"తీసెయ్యడమేంటి? అన్నీ నీ ఫోల్డర్లోకి మార్చాను. ఈ ఆఫీసులో హద్దు లేనిది నీ ఒక్కదానికేగా! భద్రంగా ఉన్నాయి, మీ తమ్ముడి పెళ్లిలో నా డాన్సుతో సహా."

"నా ఫోల్డర్లోకా? నా పాస్‌వర్డు లేకుండా ఎలా దూరారు?"

"మన పెళ్లిరోజేగా! ఎవరూ ఊహించలేని పాస్‌వర్డు పెట్టుకోండని అందరికీ లెక్చర్లిస్తావు. నువ్వు పెట్టుకున్నది ఇదీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫొటోలు పోలేదు, అంతే చాలనుకుని ఆవిడ కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఏదో తట్టి నుదురు చిట్లించింది.

"ఆగండాగండి. నా పాస్‌వర్డు చేతిలో ఉంటే, అందులోంచే మీ కోటా మీరే పెంచుకోవచ్చుగా? సోమవారమే తేలిపోయేది. మేనేజరుగారిని మెట్లెక్కించి దించి, మీ ఫైళ్లన్నీ అటూ ఇటూ మోసి, ఎందుకండీ ఇంత అవస్థ?"

"పెంచుకోవచ్చు," అన్నాడాయన, చల్లగా నవ్వుతూ. "మరి నెలంతా అంట్లు ఎవరు తోముతారు?"