ఓడినవాళ్ళ పని

"గంట కొట్టవేమే! చెయ్యి చాపితే చాలు!"

కోచ్ అరుపును ఉడత పట్టించుకోలేదు. చెక్కగోడ అంచుదాకా పాకిన పిల్ల, గంట అందేంత దూరంలో ఆగి, తాడు పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయింది. నీలం జట్టు ఈలలు వేసింది. ఎర్ర జట్టు మళ్ళీ ఓడింది.

ఆ వేసవి శిబిరంలో ఎర్ర జట్టు ఆయన బాధ్యత. మోకాళ్ళు అరిగాయి, గొంతు బొంగురుపోయింది, ఓపిక ఎప్పుడో అడుగంటింది. చెట్లు ఇట్టే ఎక్కేస్తుందని ఆ పిల్లకు ఉడత అని పేరు పెట్టిందీ, జట్టుకు నాయకురాలిని చేసిందీ ఆయనే. తీరా చూస్తే ఏ పోటీ అయినా చివరి క్షణంలో చేతులెత్తేస్తోంది.

"చెయ్యి లాగింది సార్," అంది ఉడత.

"నిన్న కాలు, ఇవాళ చెయ్యి. రేపటికి ఇంకేం మిగిలిందమ్మా?"

ఎవరూ నవ్వలేదు. జట్టంతా వంటింటి వైపు నడిచింది. ఓడినవాళ్ళు ఆ పూట అందరి గిన్నెలూ తోమాలి. పాచిపనికి ఉన్న ఇద్దరిలో ఒకావిడ మొదట్లోనే మానేస్తే, ఇంకొకరిని వెతకడానికి బద్ధకించి యజమాని పెట్టిన నియమం అది. పిల్లలకు క్రమశిక్షణ వస్తుందట! మొదట్లో నీలం జట్టు ఓడిన ఒక్క పూటా గిన్నెలు నీళ్ళలో ముంచి వదిలేసి పోతే, మిగిలిన పనావిడే అర్ధరాత్రిదాకా అన్నీ మళ్ళీ తోముకుంది.

సాయంత్రం పిల్లలు ఇళ్ళకు ఫోన్ చేసుకోవడానికి వరసలో నిలబడ్డారు. ఉడత మాత్రం మెట్ల మీద కూర్చుని బూట్లకు అంటిన మట్టి గీకుతోంది.

"నువ్వు మాట్లాడవా? ఇంటి మీద బెంగ లేదూ?"

"లేదు సార్."

పక్కనున్న కళ్ళజోడు పిల్లాడు ఏదో అనబోతే ఉడత మోచేత్తో పొడిచింది. రాతిగుండె పిల్ల, అనుకున్నాడు కోచ్.

అప్పుడే యజమాని వచ్చాడు. "రేపు కప్పు పోటీ. తల్లిదండ్రులంతా వస్తున్నారు. అదీ పోగొట్టావంటే వచ్చే వేసవికి నువ్వు రానక్కర్లేదు."

మర్నాడు కోచ్ సిగ్గు విడిచి ఆ మాటే జట్టుకు చెప్పాడు. "నా ఉద్యోగం మీ చేతుల్లో ఉందిరా. ఈ ఒక్కసారికి గెలవండి."

పిల్లలు తలలు దించుకున్నారు. ఉడత గొంతు తగ్గించి అడిగింది. "ఇవాళ ఓడినా గిన్నెలు తోమాలా సార్?"

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, పోటీ మొదలవకుండానే ఓటమి గురించా? తోమాలి మరి! ఇంతమంది భోజనాలు, కొండంత పడతాయి. అందుకే గెలవమంటున్నా."

ఒళ్ళంతా చిల్లులున్న పీపా. అడుగున బంతి. జట్టంతా అరచేతులతో చిల్లులు మూస్తే నాయకురాలు నీళ్ళు పోయాలి. బంతి తేలి పైకి వచ్చాక తీసినవాళ్ళదే కప్పు. ఇన్నాళ్ళూ తిట్టుకున్న పిల్లలు ఇవాళ ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బంతి పైకి వస్తుంటే కోచ్ తన మోకాళ్ళ నొప్పి మరిచిపోయాడు.

బంతి అంచుకు వచ్చింది. ఉడత ఒక్కసారి కోచ్‌ను చూసింది. తరవాత తన జట్టును చూసింది. చేతులన్నీ ఒక్కసారే లేచాయి. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి.

కోచ్‌కు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు మొత్తుకున్నా రాని ఐకమత్యం ఓడిపోవడానికి వచ్చింది!

భోజనాలయ్యాక వంటింటి వెనక్కి విసవిసా వెళ్ళాడు. కుళాయి చుట్టూ పిల్లలు గిన్నెలు తోముతున్నారు. ఒకరు రుద్దుతుంటే ఒకరు కడుగుతున్నారు, కళ్ళజోడు పిల్లాడు తుడుస్తున్నాడు. పనావిడ నడుముకు పట్టీ కట్టుకుని, బోర్లించిన బకెట్ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. అలసటకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కావాలనే ఓడారు కదూ?" కోచ్ అరిచాడు. "మీకేం అన్యాయం చేశానర్రా? నా పొట్టకొట్టి మరీ గిన్నెలు తోముకోవడం అంత ముద్దొచ్చిందా? దానికి ఆవిడ ఉంది కదా!"

ఉడత చేతిలోని పీచు కింద పెట్టింది.

"ఆవిడ మా అమ్మ సార్."