మంచు నిలవని సంచి

నర్సు థర్మామీటర్ చూసి తల అడ్డంగా ఊపింది.

"సారీ లోకేశ్. ఇవాళ కూడా వెచ్చగానే ఉన్నాయి."

సీసాలోని పాలు సింకులో పారబోసింది. వరసగా మూడో రోజు. లోకేశ్ సింకు అంచు పట్టుకుని నిలబడ్డాడు. అద్దం అవతల గాజు పెట్టెలో, నెలలు నిండకుండా పుట్టిన అతని కొడుకు పిడికెడంత ఉన్నాడు.

"రెండు వైపులా ఐస్ ప్యాక్‌లు పెట్టామండీ. నిన్న మందపాటి బ్యాగ్ కూడా కొన్నాను."

"ప్యాక్‌లు కరిగి నీళ్లయ్యాయి, చూడండి. మొన్నటికంటే నిన్న, నిన్నటికంటే ఇవాళ పాలు ఇంకా వెచ్చగా వస్తున్నాయి. ఆ సైకిల్ బ్యాగ్ మార్చండి." నర్సు గొంతు తగ్గించింది. "వేరే తల్లులు దానమిచ్చిన పాలు సాయంత్రం దాకానే వస్తాయి. తర్వాత డబ్బా పాలే. ఇంత చిన్న పేగులు తట్టుకుంటాయో లేదో డాక్టర్ కూడా చెప్పలేరు. తల్లే వచ్చి ఇక్కడ పాలు తీసివ్వలేరా?"

"ఒంట్లో బాగాలేదు," అని అబద్ధమాడాడు. పురుడు తీరేదాకా బాలింత గది గడప దాటకూడదని అత్తగారు పట్టుబట్టిన సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అతనికి తోచలేదు.

కారు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పి వర్క్‌షాపులో పడి ఉంది. సైకిల్ మీదే తాముండే పాపకూర ఊరి బజారుకు దూసుకెళ్లి, సైకిల్ షాపు తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు.

"మొదటి రోజు ముందు తగిలించే వైరు బుట్టలో పెట్టాను. రెండో రోజు వెనక వేలాడే గుడ్డ సంచిలో. ఇవాళ స్పాంజి పట్టించిన దాంట్లో. దేంట్లోనూ ఐస్ నిలవడం లేదు. దయచేసి కరగనివ్వని బ్యాగ్ ఏదైనా ఇవ్వండి!"

షాపతను పై అరలోంచి పెట్టెలాంటి బ్యాగ్ దించాడు. "చేపలు పట్టేవాళ్లు తీసుకెళ్తారు దీన్ని. ఇందులో ఐస్ సాయంత్రానికి కూడా రాయిలాగే ఉంటుంది. చల్లటిది చల్లగా, వేడిది వేడిగా..."

మిగతాది లోకేశ్ వినలేదు. క్యారియర్‌కు క్లిప్పులు బిగించుకుని ఇంటికి తొక్కాడు.

చీర మీద స్వెట్టర్ తొడుక్కుని లక్ష్మమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "ఇంకో సంచా బాబూ! వీటితో సంత పెట్టొచ్చు. అయినా పసిగుడ్డుకి ఐసులో పెట్టిన పాలేవిటండీ? పడిశం పట్టదూ?"

"ఆసుపత్రి వాళ్ల రూలు అత్తయ్యగారూ. త్వరగా కానివ్వండి."

ఆవిడ ఫ్రీజర్‌లోంచి ఐస్ ప్యాక్‌లు తీసి, బ్యాగ్‌తో సహా కూతురి గదిలోకి తీసుకెళ్లింది. పాలు తీయడమూ, సీసా సర్దడమూ శరణ్య పని. ఈ మధ్య తలుపు దగ్గరగా వేసుకుంటోంది.

కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "లోకేశ్, ఈ ఒక్కసారి నేనూ వస్తాను. టాక్సీ పిలువు. వాణ్ని ఫోన్‌లో తప్ప చూడనేలేదు."

"ఈ చలిగాలిలోనా? కుట్లు కూడా మానలేదు, పచ్చి బాలింతవి!" లక్ష్మమ్మ కసిరింది.

"అత్తయ్యగారు చెప్తున్నారుగా శరణ్యా. నేను వెళ్తున్నాగా," అన్నాడు లోకేశ్.

"పాలు ఇవాళా పారబోశారా?"

"ఊఁ. దాతల పాలున్నాయిలే. వాడి కడుపుకేం లోటు లేదు." సాయంత్రం గడువు సంగతి మింగేశాడు.

జిప్పు వేసిన బ్యాగ్‌ని లక్ష్మమ్మ తెచ్చి చేతికిచ్చింది. అది తగిలించుకుని బయల్దేరాడు.

నాలుగు వీధులు దాటాక రెడ్ లైట్ పడింది. మనసు ఆగలేదు. జిప్పు లాగి చెయ్యి పెట్టాడు. ఐస్ ప్యాక్‌లు మెత్తగా, నీళ్ల సంచుల్లా జారాయి. వాటి మధ్య సీసా గోరువెచ్చగా తగిలింది.

రోడ్డు పక్క గడ్డి మీద తెల్లటి మంచు ఇంకా కరగలేదు. ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలం. చలి వేళ్లను కొరికేస్తోంది. ఈ చలిలో నాలుగు వీధులకే ఐస్ నీళ్లవుతుందా?

వేడిది వేడిగా. షాపతని మాట అప్పుడు తలకెక్కింది. బ్యాగ్ ఎంత మంచిదైతే పాలు అంత వెచ్చగా వచ్చాయి. ఐస్ దారిలో కరగలేదు. అసలది ఇంట్లోంచి బయల్దేరనేలేదు!

వెనక హారన్లు మోగుతుండగానే సైకిల్ తిప్పాడు.

ఇంట్లోకి అడుగు పెడుతూనే ఫ్రీజర్ తెరిచాడు. మునక్కాయ ముక్కల ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు.

"అత్తయ్యగారూ! ఐస్ ప్యాక్‌లు తీసేసి, కరిగినవి పెట్టింది మీరేనా?"

"నేనా? నా మనవడి పాలతో నేను..." లక్ష్మమ్మ మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ చూపు గది తలుపు మీదికి వెళ్లి తిరిగొచ్చింది. తల దించుకుంది. "ఔను బాబూ. నేనే. పడిశం చేస్తుందని."

"ఎంత పని చేశారండీ! దాతల పాలు అయిపోవచ్చాయి. సాయంత్రం నుంచి వాడికి పాలే లేవు! ఆ ఐస్ ఎక్కడ పెట్టారు? ఇవ్వండి!"

లక్ష్మమ్మ ఫ్రీజర్ వైపు చూసింది. గట్టు వైపు చూసింది.

"ఎక్కడ పెట్టారండీ?"

గది తలుపు తెరుచుకుంది. కుట్ల మీద ఒక చెయ్యి నొక్కిపట్టి, ఇంకో చేత్తో తువ్వాలు మూట గుండెకు అదుముకుని శరణ్య గడప దాటింది. మూటలోంచి రాళ్లలా గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు నేల మీద పడి దొర్లాయి.

"పాలకి లోటు లేదన్నావుగా... అమ్మ కాదు లోకేశ్, నేనే. నా పాలు పనికిరాకపోతే, ఆసుపత్రి వాళ్లు నన్నే రమ్మంటారనుకున్నాను."