కంచె మీది నిద్రతీగ

పొద్దున్నే ఎవరో మనిషి కంచెలోకి తల దూర్చి ఆకులు లెక్కపెడుతున్నాడు.

వడియాలు పెడుతున్న శివపార్వతి చూసింది. పిండి చేతిలోనే ఉండిపోయింది.

ఖాకీ నిక్కరు, భుజాన సంచి, చేతిలో నోటుపుస్తకం. ఆ వేషంలో వచ్చినవాడు మేలు చేసి వెళ్లిన దాఖలా సిరిగేరి పక్కనున్న ఆ వలస రైతుల క్యాంపులో ఇంతవరకు లేదు.

"ఏమండీ, ఎవరో వచ్చాడు. రాసుకుంటున్నాడు."

వెంకట్రావు ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. పేరుకే లేవడం. పది రోజులుగా ఆయనకు కంటి మీద కునుకు లేదు.

కారణం కంచె అవతల ఉంది. మూడెకరాల మడి. కొత్తగా వచ్చిన తుంగభద్ర కాలువ కింద ఆ నేలకు సర్కారు రాసింది జొన్న. కృష్ణాజిల్లా నుంచి వలస వచ్చిన వెంకట్రావు నాటింది వరి.

పక్కనే కాలువ పెట్టుకుని జొన్న చల్లడమంటే, పెళ్లింటికి వెళ్లి మంచినీళ్లు తాగి రావడమేనని ఆయన సిద్ధాంతం.

కాలువ ఆఫీసు సిద్ధాంతం వేరు. పట్టుబడితే తూము మూసేస్తారు. వరి పాలు పోసుకుంటోంది. వారం నీళ్లాగితే తాలే మిగులుతుంది. ఆ పంట పోతే మూటాముల్లె సర్దుకుని మళ్లీ బండెక్కడమే.

"మడి చూశాడా?"

"తీగ చూస్తున్నాడు."

"తీగ చూడ్డానికెవడొస్తాడే! పోయినేడు పెళ్లిచూపులకొచ్చానని చెప్పి ఒకడు మా అన్నయ్య పొలం కొలుచుకుపోలేదూ?"

"మీ అన్నయ్య గారెలు కూడా వండించారు."

"నువ్వు మజ్జిగతో సరిపెట్టు. పెట్టి, కూపీ లాగు."

శివపార్వతి మజ్జిగ చెంబుతో వెళ్లింది.

"బళ్లారి సత్యనారాయణపేట మాది. రామచంద్ర అంటారు. కాలేజీలో పని," అన్నాడతను. "ఈ తీగలోంచి మందు తీయల్లని చూస్తాండామమ్మా. నిద్ర పట్టనోళ్లకి."

"ఈ కంపు తీగలోంచా?"

"ఆకు నలిపితే కంపే. కానీ లోపల ఏదో పదార్థం ఉండాది. మనిషిని నెమ్మది చేస్తాది. అదేందో విడదీయల్ల. పచ్చికాయలు మాత్రం పిల్లోళ్ల నోటికి పోకుండా చూసుకోండి. మంచివి కావు."

గుంటూరులో ఇంటరు దాకా వృక్షశాస్త్రం చదివిన శివపార్వతి పువ్వు వంక చూసింది. గడియారం ముఖంలా గుండ్రంగా, సన్నటి ఊదా పోగులతో ఉంది. రోజూ దాని పక్కనే బట్టలారేస్తోంది. ఒక్కరోజూ చూడలేదు.

నమ్ముదామనిపించింది.

అప్పుడే అతను అడగకూడనిది అడిగాడు.

"ఈ మడిలో ఎప్పుడూ నీళ్లుంటాయామ్మా?"

"అబ్బే, వాన నీళ్లండి."

మార్చి నెల. వాన పడి అయిదు నెలలైంది. అతను ఒకసారి ఆకాశం వంక చూసి, మర్యాదగా రాసుకున్నాడు.

"పోయిన నెల ఇట్లే పోతా నాలుగాకులు కోసకపోతి. ఇట్లాంటి ఆకు యాడా దొరకలేదమ్మా, ఆరేండ్లుగా తిరుగుతాండా. సరే, నీళ్ల సంగతి ఇంజనీరు సారుతో మాట్లాడతా. మళ్లీ వస్తా."

చెంబు శివపార్వతి చేతికిచ్చి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఇంజనీరా!" వెంకట్రావు మంచం కోడు పట్టుకున్నాడు.

"నిద్రమందు కోసం తిరుగుతున్నాడటండీ."

"నా నిద్ర చెడగొట్టి, మందు కూడా వాడే ఇస్తాడా?"

"చదువుకున్నవాడిలాగే ఉన్నాడు."

"తూములు మూసేవాళ్లంతా చదువుకున్నవాళ్లే! ఆ తీగే లేకపోతే వాడికి మన కంచె దగ్గర పనేముంటుంది, చెప్పు?"

శివపార్వతి దగ్గర జవాబు లేకపోలేదు. కాని ఎదురుగా పాలకంకులు ఊగుతున్నాయి.

లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చింది.

మళ్లీ చిగురు వేయకూడదని వెంకట్రావు వేళ్లతో సహా తవ్వాడు. పచ్చి తీగ ఓ పట్టాన అంటుకోలేదు. కంపచెట్టు కొమ్మలు తోడు వేస్తే గాని దారికి రాలేదు. పొగ సాయంత్రం దాకా ఇంట్లోనే తిరిగింది.

ఆ రాత్రీ ఆయన నిద్రపోలేదు. తూము మూత చప్పుడైనట్టుందని నాలుగుసార్లు లేచాడు.

శుక్రవారం మధ్యాహ్నం, తూములు తెరిచి మూసే కాలువ లస్కరు హంపన్న సైకిలు దిగాడు. వెంకట్రావు గాదె వెనక్కు వెళ్లాడు.

"వెంకట్రావప్ప లేడామ్మా?"

"ఊరెళ్లారు."

గాదె వెనక తుమ్ము వినిపించింది. హంపన్న పెద్దమనిషి. విననట్టే ఊరుకున్నాడు.

"ఇంజనీరు సారు కాగిదం పంపినాడమ్మా. ముందు ఆ తీగను నా కండ్లతో చూడల్లంట. చూసినాకనే మీకియ్యల్లంట. లేకుంటే వాపసు తెమ్మన్నాడు. యాడుంది తీగ?"

శివపార్వతి కంచె వైపు వేలు చూపింది. హంపన్నే కంచె దాకా వెళ్లాడు. నల్లటి బూడిదను చెప్పుతో కదిపాడు.

"ఏందమ్మా, ఇట్ల చేస్తిరి!"

"ఆ కాగితం ఒక్కసారి చూడనీ హంపన్నా. చదివి ఇచ్చేస్తాను."

ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. ఒకసారి చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

వెంకట్రావు ఇక ఆగలేక ఒంటినిండా ఊకతో బయటికొచ్చాడు.

"ఏమని రాయించాడే ఆ నిక్కరువాడు?"

శివపార్వతి తలెత్తకుండా తెలుగు చేసి చదివింది.

"రామచంద్రగారు తామే పూచీపడి కోరినందువల్ల, వారి పరిశోధన ముగిసేవరకు, కంచె మీది తీగ ఎండిపోకుండా, దాన్ని ఆనుకొని ఉన్న మూడెకరాల వరికి ఎవరూ తూము మూయరాదు."