కాగితం మీద ఊరు

రాతి తొట్టి దగ్గర ఎవరో కూర్చుని గొణుక్కుంటున్నాడని పెళ్ళాం జొహ్రా వచ్చి చెప్పగానే, లాజ్‌హర్ కర్ర అందుకున్నాడు.

మా ఐన్ తూరా ఊళ్ళో కూలిపోయిన పాత చర్చికి అతనే కాపలాదారు. చర్చికి పైకప్పు లేదు. గోడలు మోకాలెత్తున మిగిలాయి. నడుమ ఒక రాతి తొట్టి ఉంది. కొండ లోపలి నుంచి వచ్చే ఊట నీళ్ళు ఆ తొట్టి నింపి, ఊళ్ళోకి పారతాయి. ఊరంతా తాగేది అవే.

ఇప్పుడు ఆ నీళ్ళకే ముప్పొచ్చింది. రాజధాని ట్యూనిస్ నుంచి ఒక క్వారీ కంట్రాక్టరు దిగి, కాగితం చూపించి, కొండ నాదన్నాడు. కొండను పేలిస్తే ఊట పోతుందని ఊరు కోర్టుకెక్కింది. ఊట కొండ కింద నుంచే వస్తోందని రుజువేదని జడ్జి అడిగాడు. గురువారం దాకా గడువిచ్చాడు. తాత ముత్తాతలు తాగిన నీళ్ళకు రుజువు తెమ్మన్నవాణ్ణి ఏమనాలి?

ఆ మంగళవారం లాజ్‌హర్ అసలే మండిపోతున్నాడు.

తొట్టి పక్కన ఎనభై ఏళ్ళ ముసలాయన కూర్చున్నాడు. పాత కోటు, చంకలో పొడుగాటి అట్టగొట్టం. తడిచేత్తో నుదురు తాకి, కాగితంలో చూస్తూ ఏదో చదువుతున్నాడు.

నిధుల దొంగలు అచ్చం ఇలాగే చేస్తారు. నిధికి కాపలా ఉన్న జిన్ను అనే భూతాన్ని లొంగదీయడానికి ముందు మంత్రం చదువుతారు. తర్వాత తవ్వుతారు. నిరుడు అలాంటివాళ్ళే లాజ్‌హర్ తల్లి సమాధిని కూడా తవ్విపోయారు.

లాజ్‌హర్ చప్పుడు చేయకుండా వెనక నిలబడి విన్నాడు. తెలియని భాష. అందులో ఉన్నట్టుండి తన పేరు వినబడింది. వెంటనే జొహ్రా పేరు.

"ఏయ్ ముసలాయనా, మా పేర్లు నీకెవడు చెప్పాడు?"

ముసలాయన తలెత్తి నవ్వాడు. "లాజ్‌హర్‌వి నువ్వేనా? నిన్ను చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను."

మాట మన మాటలాగే ఉంది. యాస వేరు.

"ఎక్కడోడివి?"

"పుట్టింది సముద్రం అవతల మాల్టా దీవిలో. కాగితాల మీద మాత్రం నా ఊరు ఇదే."

లాజ్‌హర్‌కి ఒళ్ళు మండింది. "నీ దగ్గరా ఉందా కాగితం? వాడొచ్చి కొండ నాదన్నాడు. నువ్వొచ్చి ఊరే నాదంటున్నావు. రేపొచ్చేవాడు నా పెళ్ళాం వాడిదంటాడు."

"నాదని కాదు నాయనా. నేనే మీవాణ్ణి."

"మావాడివా? మరి మా అమ్మ సమాధి తవ్వుతుంటే ఎక్కడ చచ్చావు?"

ముసలాయన ముఖంలో నవ్వు పోయింది. "నాకు తెలియలేదు. ఆమె పేరేమిటి?"

"ఆ పేరు కూడా నీ మంత్రంలో కలుపుకోడానికా?"

లాజ్‌హర్ కాగితం, అట్టగొట్టం రెండూ లాక్కున్నాడు. చర్చి గోడ పక్కనే జొహ్రా రొట్టెల పొయ్యి భగభగ మండుతోంది.

"ఇదిగో, పెద్దాయన మీద చెయ్యి చేసుకోకు," అంది జొహ్రా.

"మనిషిని ముట్టుకోనులే. వాడి మంత్రాన్ని కాలుస్తా."

రెండూ పొయ్యిలో పడ్డాయి.

ముసలాయన తడబడుతూ పొయ్యి దగ్గరికి నడిచాడు. "గొట్టం బయటికి తియ్యి నాయనా. మీ నీళ్ళు అందులో ఉన్నాయి. లాయరమ్మ..."

"నీకూ లాయరుందా? కంట్రాక్టరుకీ ఉన్నాడు. మా నీళ్ళ మీద కూడా మంత్రం వేశావన్నమాట."

అట్ట నల్లబడి, వంకర తిరిగి, బూడిదైంది. ముసలాయన తొట్టి వైపు తిరిగి దోసిలి పట్టబోయాడు.

"ఆ నీళ్ళు ముట్టుకోకు," అన్నాడు లాజ్‌హర్.

ముసలాయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. జొహ్రా ఒక రొట్టె తీసింది కానీ, మొగుడి చూపుకి ఆగిపోయింది. ఎర్రటి ఎండలో ఆయన కొండ దిగి వెళ్ళిపోయాడు.

గురువారం కోర్టులో కేసు నాలుగు నిమిషాల్లో ముగిసింది. రుజువు లేదు కాబట్టి కొండ కంట్రాక్టరుదే.

కోర్టు మెట్ల మీద మా లాయరు సనియా ఫైలు విసిరికొట్టినంత పని చేసింది. "మనకున్న ఒకే రుజువు, నూట నలభై ఏళ్ళ కిందట ఒక పాదిరి గీసిన పటం. కొండ కింద కాలువ ఎక్కడుందో అంగుళం అంగుళం గీశాడు. ఫోటో చెల్లదు, అసలు కాగితమే కావాలన్నాడు జడ్జి. దాన్ని ఒక పెద్దాయన తన పూచీ మీద మాల్టా నుంచి తెచ్చాడు. నేరుగా నా దగ్గరికి రండి అంటే వినలేదు. ముందు ఊరు చూడాలట."

లాజ్‌హర్ నెమ్మదిగా అడిగాడు. "పటం ఏమైందన్నాడు?"

"తన చేతుల్లోంచి జారి నిప్పులో పడిందట. తప్పు తనదేనట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకెంత కోపమొచ్చిందో తెలుసా? ఆ వయసాయన్ని నోటికొచ్చినట్టు తిట్టేశాను."

లాజ్‌హర్ మెట్టు మీద కూర్చున్నాడు.

"మేడమ్, ఆయనకి మా పేర్లెలా తెలుసు?"

"మీరు సంతకాలు పెట్టిన అర్జీ నకలు అడిగి తీసుకున్నాడు. ఆ పేర్లు ఒక్కొక్కటీ చదివి, రోజూ మీకోసం ప్రార్థన చేస్తాడట."

"మా కోసమా? మా ఊళ్ళో ఒక్క క్రైస్తవుడు కూడా లేడే. మేం ఆయనకి ఏమవుతాం?"

సనియా కోపం కాస్త చల్లారింది. అతని పక్కనే కూర్చుంది.

"వెయ్యేళ్ళ కిందటే ఇక్కడి క్రైస్తవులు పోయినా, వాళ్ళ మతపెద్దలు తమ కాగితాల్లోంచి ఊరి పేరు కొట్టెయ్యరు, లాజ్‌హర్. పేరుకి ఎవరో ఒకరిని దానికి బిషప్‌గా నియమిస్తూనే ఉంటారు. ముప్పయ్యేళ్ళుగా ఐన్ తూరా బిషప్ ఆయనే. మీరు తప్ప ఆయనకి జనం లేరు."