చివర చూడని ఎపిసోడ్

భార్య పోయాక లారీ మెకానిక్ ఆ అంతరిక్షం సీరియల్ పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టింది అందులో ఆవిడకి ప్రాణమైన ఎపిసోడ్. ఎన్నిసార్లు చూసినా, కెప్టెన్ ఒక్కడే నౌకలో మిగిలిపోయే చోట టక్కున టీవీ కట్టేసేది.

"బతికే ఉన్నాడనుకుందామండీ."

"నీ పిచ్చి తగలెయ్య! ఒక్కసారైనా చివర చూడనియ్యవే!" అని అతను విసుక్కునేవాడు.

ఈ రాత్రి చివరిదాకా చూద్దామని కూర్చున్నాడు. కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. టీవీ ఆరిపోయింది. కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. లేచి మళ్ళీ పెట్టాడు. సరిగ్గా అక్కడే మళ్ళీ ఆరిపోయింది.

పక్కనున్న ఆవిడ కుర్చీ, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు, కిర్రుమంది.

తల తిప్పితే తెలిసిపోతుంది. అతను తిప్పలేదు.

"సరేలేవే," అన్నాడు చీకటి తెరకేసి చూస్తూ, "బతికే ఉన్నాడనుకుందాం."