అన్న వదిలిన జాగ

మా ఆయన సద్దిగిన్నెలో అన్నం పెడుతున్నాను. మొన్ననే ఎర్రజెండా వదిలి వేరే పార్టీలో చేరిన మా అన్న పోశం గడపలో కూర్చున్నాడు.

"కొత్త కండువా మెడకు గుచ్చుకుంటలేదా బావా?" మా ఆయన నవ్వాడు.

"బొగ్గుబాయి దిగుడు తప్పింది. ఇగ పైన్నే డ్యూటీ."

"గంతకే మారినవా?"

అన్న తల వంచుకున్నాడు. "బాయిల పైకప్పును రాడుతోని కొట్టి చూసిన. బోలుగ మోగింది, ఎప్పుడు కూలుతదో. భయమైంది."

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్తే పని బందైతదట. నోరు మూసుకుంటెనే పైన డ్యూటీ అన్నడు కొత్త పార్టీ లీడరు."

"నీ జాగల ఎవలను పెట్టిన్రు అన్నా?" అన్నాను.

అన్న కండువా సర్దుకున్నాడు.

"ఇయ్యాల్టి సంది నన్నే," అన్నాడు మా ఆయన.

"అయితే పోకు," అన్నాను.

పొద్దుటి షిఫ్టువాళ్లు ఇంకా ఆ కప్పు కిందే ఉన్నారు. ఆయన సద్దిగిన్నె తీసుకోకుండానే, "వాళ్లను పైకి రప్పియ్యాలె" అంటూ బయటికి నడిచాడు.